నీలం కోసం ఒక మాట

లోమ్ రేవు,
4 మార్చి 1934

వెల్చోకి,

మీ వదినని. అమ్మాయీ అల్లుడూ బాగున్నారు. నా మోకాలు బాగాలేదు. దాని గురించి ఇంతకంటే రాయను. రాస్తే నువ్వు నాలుగు పేజీల వైద్యం పంపిస్తావు.

పని ఉండి రాస్తున్నాను. మీ అన్నయ్య చనిపోయిన ఏడాది నేను సగంలో ఆపేసిన తివాచీని మగ్గంతో సహా ఇక్కడికి తెచ్చుకున్నాను కదా, ఈ చలికాలంలో మళ్ళీ మొదలుపెట్టాను. అక్టోబరులో దిమితర్ పండగనాటికి ఆయన పోయి మూడేళ్ళు. ఆ రోజు దాన్ని మన ఊరి చర్చిలో ఆయన పేర పరుస్తానని మొక్కుకున్నాను. ఎరుపు ఉంది. నలుపు ఉంది. తెలుపుకేం, గొర్రెలున్నంతకాలం ఉంటుంది. నీలం అయిపోయింది. ఇంకా రెండు జానల నేత మిగిలింది.

అది ఆయన ఆఖరి బానలో అద్దిన నీలం. ఇక్కడి బజారు నీలాలు దాని పక్కన పెడితే కళ్ళు తిరిగినట్టుంటుంది. కాబట్టి బాన పెట్టు. ఒక పోగు ఈ ఉత్తరంలో మడిచి పెడుతున్నాను, దానికి సరిపోవాలి.

ఇంకో మాట. ప్రతి బానకీ ఆయన ఒక అబద్ధం వదిలేవాడు. ఉన్ని ఆరగానే ఆ అబద్ధం నమ్మినవాళ్ళింటికి వెళ్ళి "అది నీలం కోసం" అని చెప్పి, వాళ్ళనీ నవ్వించి వచ్చేవాడు. ఆ ఆఖరి బానకి ఎక్కడికీ వెళ్ళలేదు. అడిగితే "తర్వాత" అన్నాడు. దానికి ఏ అబద్ధం వాడాడో నీకు తెలిస్తే రాయి. అదే మళ్ళీ వేస్తే అదే నీలం రావచ్చు.

స్తోయ్నా

*

చెర్నిబ్రోద్,
19 ఏప్రిల్ 1934

వదినకి వెల్చో వినయంగా,

నీ ఉత్తరం ఈస్టరు ముందు ఉపవాసాల్లో వచ్చింది. కడుపు కాలుతున్నవాడి జవాబులో మర్యాద తక్కువ ఉంటుందని పండగ వెళ్ళేదాకా ఆగాను.

నువ్వు పంపిన పోగుని కిటికీలో పెట్టి చూశాను, గుమ్మంలో పెట్టి చూశాను, పెరుగు గిన్నె అంచున పెట్టి కూడా చూశాను. నీలాన్ని తెలుపు పక్కన చూడాలని అన్నయ్య అనేవాడు. మన అద్దకంలో నీలానికి మెట్లున్నాయని నీకు తెలుసు. ఒక ముంపుకి పాలవిరుగుడు. రెండింటికి పిచ్చుక గుడ్డు. మూడింటికి పావురం మెడ. అయిదింటికి అవిసెపువ్వు. ఏడింటికి పండిన ఆల్‌బుఖరా. తొమ్మిదింటికి కాకిరెక్క. నువ్వు పంపిన పోగు ఈ మెట్లలో ఎక్కడా నిలబడలేదు. కాకిరెక్క కంటే లోతు, పిచ్చుక గుడ్డు కంటే తేలిక. కాసేపు చూస్తే అది రంగులా అనిపించదు, సాయంత్రం ఎవరో పిలిచి ఊరుకున్నట్టు ఉంటుంది. దానికి మనవాళ్ళెవరూ పేరు పెట్టలేదు. పెట్టేలోపు అన్నయ్య పోయాడు.

సరే, బాన పెట్టాను. తవుడు, మంజిష్ఠ వేరు, బూడిద నీళ్ళు, నీలిమందు. గొర్రెతోళ్ళు కప్పి వెచ్చగా ఉంచాను. ఇంతవరకు ఎవడైనా చేస్తాడు. ఆపైనే చిక్కు. మూత తీసేలోపు ఒక అబద్ధం వదలాలి, ఒక్కరైనా దాన్ని నమ్మాలి. అప్పుడే బాన పొంగుతుంది, ఉన్ని రంగు పట్టుకుంటుంది. ముప్ఫై ఏళ్ళు ఆ బానల పక్కన వంట చేసినదానివి, నీకు నేను చెప్పడమేమిటి. అయినా రాస్తున్నాను. రాస్తుంటే ధైర్యంగా ఉంది.

అన్నయ్యకి అది చేతి కింది పని. వ్రాత్సాలో ఎలుగుబంటిని పన్నుల అధికారిగా వేశారని సంతలో చెప్పాడు, గుర్తుందా? సగం సంత నమ్మింది. మిగతా సగం ఆ ఎలుగుబంటి లంచం తీసుకుంటుందా అని అడిగింది. ఆ ఏటి నీలం ఇప్పటికీ మా పెట్టె మూతమీది తివాచీలో వెలవలేదు.

నేనేమో సావ్కా దగ్గరికి వెళ్ళాను. పక్కింటి సావ్కా నమ్మితే ఊరు నమ్మినట్టే. కొండమీద మఠంలో గంట దానంతట అదే మోగుతోందట అన్నాను. ఆవిడ నా మొహంకేసి కూడా చూడలేదు, చెవులకేసి చూసింది.

"వెల్చో, చెవులు ఎర్రబడ్డాయి. బాన పెట్టావా?"

"లేదు."

"ఇప్పుడు మెడ కూడా ఎర్రబడింది."

మర్నాడు ఏటి వంతెన మీద పలక విరిగింది, అటు వెళ్ళకు అని చెప్పాను. ఇది నిజం. "ఇంకో బానా?" అని నవ్వుకుంటూ వెళ్ళింది. నడుందాకా తడిసి తిరిగొచ్చింది. అప్పుడు నన్ను తిట్టిన తిట్లలో మాత్రం ఒక్క అబద్ధం లేదు.

బాన తెరిచాను. తొమ్మిది ముంపులు వేస్తే పావురం మెడ వచ్చింది. అదీ ముసలి పావురం. దీంతో పంపుతున్నాను. మోకాలికి వేడి ఊక కాపడం పెట్టు, ఇంతే, ఒక్క వాక్యమే రాశాను.

వెల్చో

*

లోమ్,
6 మే 1934

వెల్చో,

నీ పావురం అందింది. అల్లుడికి మేజోళ్ళు అల్లుతాను.

అరవై ఆరేళ్ళొచ్చాయి, ఒక్క అబద్ధం ఆడడం చేతకాదా? మీ అమ్మ అనేది, పెద్దాడు పుట్టగానే నవ్వాడు, చిన్నాడు పుట్టగానే సంజాయిషీ చెప్పుకున్నాడు అని. సావ్కాని వదిలెయ్. ఊరికి కొత్తవాళ్ళని పట్టుకో.

అన్నీ రాశావు, నేనడిగింది రాయలేదు. ఆ ఆఖరి బానకి మీ అన్నయ్య ఏమని చెప్పాడు? ఎవరికి?

స్తోయ్నా

*

చెర్నిబ్రోద్,
17 జూన్ 1934

వదినా,

కొత్తవాడు దొరికాడు. నువ్వు కోరుకుంటే ఆకాశంలో ఎవరో వింటున్నట్టున్నారు.

సోఫియా నుంచి దొనేవ్ మాస్టారని ఒకాయన వచ్చాడు. కళ్ళజోడు, తోలుసంచీ, ఆరు పెన్సిళ్ళు. నేతమాటలు, అద్దకంమాటలు పోగుచేస్తాడట. ఎందుకూ అని అడిగితే, మీరు పోతే ఇవి పోతాయి అన్నాడు. మంచివాడే, కాకపోతే మనిషి ఎదురుగా కూర్చుని అతని చావు గురించి అంత మర్యాదగా మాట్లాడేవాళ్ళని నేను తక్కువ చూశాను.

మూడు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. మగ్గంలో ప్రతి చెక్కకీ పేరు అడిగాడు. పడుగుని చుట్టే దూలానికి, పేకని దిగ్గొట్టే ఇనప దువ్వెనకి, ఆ దువ్వెన పళ్ళ మధ్య ఇరుక్కునే ఉన్నినలుసుకి కూడా. మన తివాచీకి తిరగవైపు ఉండదు, రెండు వైపులా ఒకే ముఖం అని చెబితే చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. అలా తిప్పి చూడడం నాకు నచ్చింది. మన నేతపూల పేర్లన్నీ చెప్పాను: తాబేలు, కత్తెర, నల్లకళ్ళ పిల్ల. నల్లకళ్ళ పిల్ల అనగానే నువ్వు మా ఇంటికి కాపురానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మోకాళ్ళమీద కూర్చుని మా అమ్మ నేసిన తివాచీ అంచు వేలితో లెక్కపెట్టి, "ఇక్కడ రెండు పోగులు తక్కువయ్యాయి అత్తయ్యా" అన్నావు. ఇంటిల్లిపాదీ మా అమ్మ వైపు తిరిగాం. మా అమ్మ లెక్కపెట్టి చూసి, "ఎట్టకేలకి ఒక మనిషి వచ్చింది" అంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వచ్చాను? ఆఁ, దొనేవ్.

రెండో బాన పెట్టి ఉంచాను. మూడో రోజున పాత తివాచీ ఒకటి పరిచి, ఒక వంకరగీత చూపించి, దీన్ని తొందరపడిన కోడలు అంటాం అన్నాను. అలాంటి పేరే లేదు. ఆయన పెన్సిలు తడిపి రాసుకున్నాడు.

"నమ్మారా మాస్టారూ?"

"నమ్మడం నా ఉద్యోగం కాదు తాతా. రాసుకోవడం నా ఉద్యోగం."

ఆ మాట వినగానే వెళ్ళి మూత తీసి చూశాను. అనుకున్నదే. గిన్నెలు కడిగిన నీళ్ళలా ఉంది. రాసుకున్నంత మాత్రాన బాన పొంగదని అలా తేలింది. "అది నీలం కోసం" అని చెబితే దాన్ని కూడా రాసుకున్నాడు.

వెళ్ళేముందు నువ్వు పంపిన పోగు చూసి దీని పేరేమిటని అడిగాడు. లేదన్నాను. పుస్తకంలో దాని వరస ఖాళీగా వదిలి వెళ్ళాడు.

ఎండలు బాగున్నాయి. ఈ ఏడు అక్రోటు కాపు మంచిది.

వెల్చో

*

లోమ్,
8 జులై 1934

వెల్చో,

తొందరపడిన కోడలు బాగుంది. ఆ వంకరగీతని ఇకమీద నేను అలాగే పిలుస్తాను.

అక్రోటుల సంగతి అడగలేదు. మూడోసారి అడుగుతున్నాను.

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను విను. రోజూ మధ్యాహ్నం మగ్గం కిటికీ దగ్గరికి జరుపుకుంటాను. డాన్యూబ్ నది మీద వెలుగు లోపలికి వచ్చి పడుగు మీద కదులుతూ ఉంటుంది. కాసేపటికి నేను నేస్తున్నది ఉన్నినా నీళ్ళనా అని తెలియకుండా పోతుంది. ఓడలు కూత వేస్తే మీ అన్నయ్య పెరట్లో బాన మీద మూత జరిపినట్టు వినిపిస్తుంది. లేచి అన్నం పెడదామని దువ్వెన కింద పెడతాను. అప్పుడు నదిని చూసి మళ్ళీ కూర్చుంటాను.

అలా కూర్చున్నప్పుడు తోచింది. ఆయన ఊరినంతా మోసం చేశాడు, ఊరినంతా నవ్వించాడు. ఏ అబద్ధమూ మిగుల్చుకోలేదు. ఒక్కటి మిగిలింది. ఆ ఆఖరి అబద్ధం ఎవరో ఇప్పటికీ నమ్ముతూ ఉన్నారు, వాళ్ళకి ఆయన ఒక నవ్వు బాకీ. ఆ నవ్వు నాకు కావాలి వెల్చో. తివాచీ పూర్తయ్యేలోపు కావాలి. అది లేకుండా పరిస్తే ఒక పూవు మధ్యలో ఆపేసినట్టుంటుంది.

నీకు తెలుసు. తెలియకపోతే నువ్వు మొదటి ఉత్తరంలోనే తెలియదని రాసేవాడివి. నీకు అబద్ధం చేతకాదు కాబట్టి ఊరుకుంటున్నావు.

స్తోయ్నా

*

చెర్నిబ్రోద్,
31 జులై 1934

వదినా,

గెలిచావు. చెప్తాను.

మిల్లు త్సోకోని మరిచిపోయి ఉండవు. మీసానికి నూనె రాసుకుని, పిండిబస్తాలతో కూడా తన పరువు గురించి మాట్లాడేవాడు. ఆ వసంతంలో బాన పెట్టాక అన్నయ్య మిల్లుకి వెళ్ళి, డాన్యూబ్ మీద కొత్త ఓడ ఒకటి దింపుతున్నారట, ఈ ప్రాంతపు పెద్దమనిషి పేరు పెడదామని చూస్తూ నీ గురించి వాకబు చేశారట అని చెప్పాడు. త్సోకో వెంటనే తిరగలి ఆపేశాడు. ఆ ఆదివారం నుంచి తెల్లటోపీ పెట్టుకుని పోస్టుబండి ఆగే చోట నిలబడడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే, "గాలికి" అనేవాడు.

ఉన్ని ఆరాక అన్నయ్య వెళ్ళాడు. చూసేసరికి త్సోకో గోడమీద బొగ్గుతో ఓడ బొమ్మ గీసుకుని, పక్కన తన పేరు ఎంత పెద్దగా పడుతుందో కొలుస్తున్నాడట. అన్నయ్యకి నోరు రాలేదు. ఆ తర్వాత త్సోకో మిల్లు అమ్మేసి తమ్ముడి దగ్గరికి ఎటో వెళ్ళిపోయాడు. ఎవరికీ చెప్పొద్దని అన్నయ్య నా చేత రొట్టె మీదా ఉప్పు మీదా ఒట్టు వేయించుకున్నాడు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మూడో బాన పెట్టి వారమైంది. ఉలుకూ పలుకూ లేదు. ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదు, నాకు ఇక ఓపిక లేదు. పొద్దున్నే మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంటున్నాను, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

వెల్చో

*

లోమ్,
5 ఆగస్టు 1934

వెల్చో,

నీ ఉత్తరం ఈ పొద్దున అందింది. చదివి, చెప్పులు వేసుకుని రేవుకి వెళ్ళాను. నా మోకాలు ఏమీ అనలేదు.

ఎందుకు వెళ్ళానంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఓడల పేర్లు చదువుదామని. ఒడ్డున ఒక్కొక్కటే చదువుతూ చివరిదాకా నడిచాను. రాజుల పేర్లున్నాయి, పట్టణాల పేర్లున్నాయి, ఒకదానికి ఎవరో ఆడపిల్ల పేరుంది. త్సోకో లేడు. పుచ్చకాయలు దింపుతున్నవాడు, "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అన్నాడు. "మా ఊరి మిల్లాయన కోసం, ఓడ అయ్యాడట" అన్నాను. తర్వాత అక్కడే తాళ్ళచుట్ట మీద కూర్చుని నవ్వాను. మూడేళ్ళలో అంత నవ్వలేదు. పుచ్చకాయలవాడు భయపడి ఒక ముక్క కోసిచ్చాడు.

అచ్చం ఆయనే. ఆ బొగ్గు ఓడని చూసి నోరు రాక తిరిగి రావడం మరీ ఆయనే. నాకు కావలసిన నవ్వు దొరికింది. నీ నీలం ఎలా ఉన్నా పంపు, దాంతోనే ముగిస్తాను.

త్సోకో ఉన్న ఊరు తెలిస్తే ఒక కార్డు రాద్దామా?

స్తోయ్నా

*

చెర్నిబ్రోద్,
22 ఆగస్టు 1934

వదినా,

ఉన్ని పంపిస్తున్నాను. పన్నెండు చిలపలుగా కట్టాను. బండివాడికి తడవకూడదని చెప్పాను.

బాన ఈ నెల అయిదో తారీఖున పొంగింది. మూత తీస్తే పైన రాగిరంగు తెట్టు, దాని మీద గుప్పెడు నీలినురగ. ముంచి తీసిన చిలప పచ్చగా, లేత చిగురులా వచ్చింది. గాలి తగిలి చేతిలోనే మెల్లగా నీలమైంది. పక్కన ఎవరూ లేరు. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

ఆరోగ్యం చూసుకో.

వెల్చో

*

లోమ్,
9 సెప్టెంబరు 1934

వెల్చో,

పాత పోగునీ కొత్త పోగునీ పక్కపక్కన పెట్టి అమ్మాయిని పిలిచి ఏది మీ నాన్నదో చెప్పమన్నాను. నీది చూపించింది. కిటికీ దగ్గరా అంతే, దీపం దగ్గరా అంతే.

ఇప్పుడు నా ప్రశ్న విను. పన్నెండు చిలపలతో పాటు పన్నెండు వాక్యాలు కూడా రాయలేదు నువ్వు. పిచ్చుక గుడ్డు లేదు, సావ్కా లేదు, మీ అమ్మ మాట లేదు. పుట్టినప్పటి నుంచీ సంజాయిషీ చెప్పుకునేవాడివి, జీవితంలో మొదటిసారి నీలం పట్టించి ఊరుకున్నావు. అప్పుడే అనుమానం వచ్చింది.

ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదని నువ్వే రాశావు. దొనేవ్ సోఫియాలో ఉన్నాడు. అయినా బాన పొంగిందంటే ఎవరో ఎక్కడో నీ అబద్ధం నమ్మారు. పొంగింది అయిదో తారీఖున. ఆ రోజు నేను ఓడల పేర్లు చదువుతూ రేవంతా తిరిగాను.

ఉన్ని ఆరింది వెల్చో. నువ్వు వచ్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. రాలేకపోతే రాయి. దాని కింద ఏముందో అది కూడా రాయి. మగ్గం ఆపి కూర్చున్నాను. ఒక జాన వేశాను, ఇంకొకటి మిగిలింది. నీ జవాబు వచ్చేదాకా పేక వెయ్యను.

స్తోయ్నా

*

చెర్నిబ్రోద్,
20 సెప్టెంబరు 1934

వదినా,

త్సోకో ఓడ సంగతి. అది నీలం కోసం.

నిన్ను మోసం చేసి నీలం తియ్యాలని చెయ్యలేదు. నిజం రాయకుండా ఉండాలని చేశాను. బాన దానంతట అది పట్టుకుంది. పొంగిన రోజు నీ ఉత్తరం ఇంకా దారిలోనే ఉంది, నాకప్పుడే తెలిసింది నువ్వు నమ్మావని. ఆ నురగ చూసి సిగ్గుపడ్డాను. నా బతుకులో నమ్మించిన ఒక్క అబద్ధం, అదీ నీతోనా అని.

నిజం ఇది. 1931 మే నెలలో అన్నయ్యని వ్రాత్సా డాక్టరు దగ్గరికి బండి మీద తీసుకెళ్ళింది నేనే. ఆయన లోపలికి వెళ్ళాడు, నేను మెట్ల మీద కూర్చున్నాను. బయటికి వచ్చి సిగరెట్టు వెలిగించి, తాగకుండా వేళ్ళమధ్య కాలనిచ్చాడు. "మంచు పడేదాకా అన్నాడు," అన్నాడు. అంతే. బండెక్కాడు. అక్రోటు చెట్టు మలుపు దగ్గర అడిగాడు.

"బాన పెట్టి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులు."

"అయితే అబద్ధం దొరికింది."

ఇంటికి వచ్చి ఆయన నీతో ఏమన్నాడో నీకు తెలుసు. వట్టి జలుబట, ఎండలు ముదిరితే పోతుందట. మర్నాడే బాన పొంగింది. ఆ నీలం చూడడానికి ఊరంతా వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది.

ఉన్ని ఆరింది, ఇక వెళ్ళి వదినకి చెప్పు అన్నాను. ముట్టుకు చూసి, ఇంకా తడిగా ఉంది అన్నాడు. జూన్‌లో అన్నాను. ఇంకా తడిగానే ఉంది అన్నాడు. జులై ఎండలో, కొంగలు కూడా నీడకి చేరిన రోజున అన్నాను. ఒక చిలప నా చెంపకి ఆనించి, "చూడు, తడి" అన్నాడు. పోయేముందు, "నేను చెప్పలేకపోయాను, నువ్వు చెప్పు" అన్నాడు. మూడేళ్ళయింది. నేనూ చెప్పలేకపోయాను.

ఎందుకో అది కూడా చెప్తాను. నీకు ముందే తెలిసి ఉంటే ఆ వేసవిని నువ్వు వేరేలా గడిపేదానివి. మగ్గం ముందు కాకుండా ఆయన ముందు కూర్చునేదానివి. ఆ అయిదు నెలలూ మేమిద్దరం కలిసి నీ దగ్గర దొంగిలించాం. ఏ ఉన్ని ఆరినా ఆ నెలల్ని తిరిగి ఇవ్వలేను. ఆ తివాచీలో ఉన్న నీలమంతా ఆ దొంగసొత్తే. పరచాలో వద్దో నీ ఇష్టం. వద్దంటే నాకు అర్థమవుతుంది.

వెల్చో

*

లోమ్,
14 అక్టోబరు 1934

వెల్చోకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయనిది కోపం వల్ల కాదు. ఒక లెక్క తేలలేదు.

ఆ రోజు నువ్వు బండి దిగకుండానే వెళ్ళిపోయావు. అదేమిటి, తిండి తినకుండా వెల్చో వెళ్ళడమేమిటి అనుకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, "వట్టి జలుబన్నాడు స్తోయ్నా, ఎండలు ముదిరితే పోతుంది" అన్నాడు. అంతకు నెల ముందు నుంచీ చేతిరుమాళ్ళు తనే ఉతుక్కోబోయేవాడు. ఆ ఎర్రమరకేమిటంటే మంజిష్ఠ అనేవాడు. ముప్ఫై ఏళ్ళు అద్దకంవాడి బట్టలు ఉతికినదాన్ని. మంజిష్ఠ మరక ఎలా ఉంటుందో, మరొకటి ఎలా ఉంటుందో నాకు తెలియదా?

ఆయన మాట నేను ఒక్క నిమిషం కూడా నమ్మలేదు వెల్చో. అందుకే ఆ బానకి అబద్ధం వేరే ఏదో ఉందనుకున్నాను. నమ్మని అబద్ధానికి బాన పొంగదు కదా. అందుకే ఏ అబద్ధం, ఎవరికి అని నిన్ను అంత వేధించాను. అందుకే నీ త్సోకోని అంత తేలిగ్గా నమ్మాను.

నీ ఉత్తరం చదివాక మగ్గం ముందు కూర్చున్నాను. నేను నమ్మలేదు. మరి బాన దేనికి పొంగింది? ఎన్ని రోజులు కూర్చున్నానో తెలియదు. మొన్న మధ్యాహ్నం వెలుగు వచ్చి ఆ నీలం మీద పడింది. ఆ రోజు గుమ్మంలో జరిగిందంతా మళ్ళీ మొదటినుంచీ చూశాను. ఆయన ఆ మాట అన్నాక నేనేమన్నానో గుర్తొచ్చింది.

"ఇంకా నయం. నేను ఊరికే హడలిపోయాను" అన్నాను.

అని, లోపలికి వెళ్ళి పిండి కలిపాను. పొరలు పొరలుగా జున్ను పెట్టి బానిత్సా కాల్చాను, పండగలా. ఆయన నా మొహం చూశాడు. భుజాలు కిందికి దిగాయి. రెండు ముక్కలు తిన్నాడు, మూడోది అడిగాడు. ఆ మధ్యాహ్నం అక్రోటు నీడలో పడుకుని దగ్గకుండా నిద్రపోయాడు. నేను నమ్మానని ఆయన నమ్మాడు. మర్నాడు బాన పొంగింది.

కాబట్టి ఆ బాన తాగింది మీ అన్నయ్య మాట కాదు. నాది.

నువ్వు దొంగిలించానంటున్న ఆ అయిదు నెలలూ ఎక్కడికీ పోలేదు. నాకు తెలిసే గడిపాను. మగ్గాన్ని పెరట్లోకి ఎందుకు మార్పించానని ఒక్కరూ అడగలేదు. బాన దగ్గర కూర్చున్న ఆయన వీపు కనిపించాలని. ఒక పేక వేసేదాన్ని, తల ఎత్తేదాన్ని. మళ్ళీ ఒక పేక. ఆ తివాచీలో ఎన్ని పోగులున్నాయో అన్నిసార్లు ఆయన్ని చూశాను. ఆయన ముందు కూర్చుని ఉంటే ఆయనకి తెలిసిపోయేది.

నిన్న తివాచీ కోసి దించాను. ఆయన నీలం ఎక్కడ ఆగిందో నీ నీలం ఎక్కడ మొదలైందో వెతికాను. ఇటు తిప్పితే కనబడలేదు. అటు తిప్పినా కనబడలేదు. దొనేవ్ మాస్టారికి రాసేటప్పుడు ఆ వరస ఖాళీగానే ఉంచమను.

ఇరవై నాలుగో తారీఖు బండికి వస్తున్నాను. నేను రావడం లేదని సావ్కాతో చెప్పు. నీ చెవులు చూసి ఆవిడే గది ఊడ్చి పెడుతుంది.

పండగనాడు ముందు తివాచీ పరుద్దాం. తర్వాత నువ్వు ఆయన పేర ఉడికించిన గోధుమలు అందరికీ పంచుతూ ఉండు, నన్ను ఆయన దగ్గర కాసేపు వదిలెయ్యి. ఉన్ని ఆరి మూడేళ్ళయింది. ఆయనకి నేను చెప్పాల్సింది మూడే మాటలు.

మీ వదిన,
స్తోయ్నా